గంజి పెట్టిన వైర్లు

రిటైరైన వాళ్లు తమ అనుభవాలు రాసేటప్పుడు మొదట ఎన్నేళ్లు సర్వీసు చేశారో చెబుతారు, తర్వాత ఎవరెవరు శాలువా కప్పారో చెబుతారు. నాకు వయసే ముప్పై రెండేళ్లు. రిటైరయ్యాను. శాలువా ఎవరూ కప్పలేదు గానీ, మా షెడ్డు వాళ్లు ఒక ప్లాస్టిక్ తొట్టిలో చిన్నపిల్లల గుడ్డలు సర్ది ఇచ్చి, "ఇంక ఇంట్లో హాయిగా రెస్టు తీసుకోమ్మా" అన్నారు. బిడ్డను కనబోయే మనిషికి రెస్టు తీసుకోమని చెప్పే వాళ్ల దగ్గర నేను ఆరేళ్లు కరెంటు పని చేశానంటే, బతికి బయటపడటమే ఒక పదవీ విరమణ సన్మానం అనుకోండి.

ఈ మధ్య పళ్ళిపట్టు నుంచి ఇద్దరు పాలిటెక్నిక్ అమ్మాయిలు వచ్చారు. అదే షెడ్డులో చేరతారట. "ఎట్లుంటుంది అక్కా అక్కడ?" అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టేసరికి మా పాప ప్లగ్గు సాకెట్లో వేలు పెట్టడానికి బయలుదేరింది, ఆ మాట అక్కడే ఆగింది. అందుకే రాస్తున్నాను. బడిలో తమిళమే చదివినవాళ్లు కదా, తమిళంలో రాయక్కా, సీక్రం, అంటే తొందరగా, చదువుకుంటామని వాళ్లు అడిగారు. తెలుగులోనే రాస్తున్నాను. కూడబలుక్కుని, నెమ్మదిగా చదవండి. ఈ పనిలో మీరు నేర్చుకోవలసిన మొదటి గుణం అదే.

డిగ్రీ ఎందుకు పనికొస్తుంది

మా షెడ్డు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి వెళ్లే రోడ్డు మీద ఉంది. అక్కడికి వచ్చేవన్నీ యాభై అరవై ఏళ్ల కిందటి కార్లు. వాటికి కొత్తగా కరెంటు సామాన్లు బిగించడం నా పని: లైట్లు, హారన్లు, ఫ్యాన్లు, రేడియోలు, ఇప్పుడు ఫోన్ ఛార్జర్లు కూడా. నాలుగడుగులు నడవడానికే ఆయాసపడే ముసలాయనకు చేతికి సెల్‌ఫోను, నడుముకు సీరియల్ లైట్లు, మెడలో స్పీకరు కట్టి ఊరేగించాలని ఇంట్లోవాళ్లు సరదా పడతారు చూడండి, అలా కట్టిపెట్టే మనిషిని నేను.

షెడ్డు యజమాని మునిరత్నం మామ. నాకు చుట్టం కాదు. మా వైపు వయసులో పెద్దవాడు అన్న కాకపోతే మామ అవుతాడు, అంతే. పళ్ళిపట్టు దగ్గర నేతపని ఇంట్లో పుట్టి, పెళ్లయ్యేదాకా మగ్గం గుంటలోనే కూర్చున్నాడు. తర్వాత బస్సెక్కి తిరుత్తణి వచ్చి, ఒక బ్యాటరీ షాపులో పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు పెట్టాడు. ఎలక్ట్రికల్ డిగ్రీ ఉన్న నన్ను ఎందుకు చేర్చుకున్నాడో మొదటి రోజే దాపరికం లేకుండా చెప్పాడు.

"మా షెడ్లో ఇంజనీరు ఉండాది అంటే వచ్చేవాళ్లకు ఒక మరియాద పాపా. నువ్వు సుమ్మా టేబుల్ కాడ కూకో. పని నేను చూసుకుంటా."

"మరి నేనేం చెయ్యాల మామా?"

"ఎవురన్నా వస్తే ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పు. వాళ్లకు అర్థం కాకపోతే ఇంకా మేలు."

కొన్నాళ్లు అలాగే కూర్చున్నాను. ఒకరోజు ఒక కారు డ్యాష్‌బోర్డు కింద వైరు ఊడింది. అక్కడ దూరడానికి మామ పొట్ట ఒప్పుకోలేదు. నేను దూరాను. అలా నా డిగ్రీకి లేని అర్హత నా నడుముకు ఉందని తేలి, నాకు పని దొరికింది. ఉద్యోగాల గురించి పుస్తకాల్లో రాసే ప్రతిభ, పట్టుదల వంటివన్నీ మా షెడ్డులో ఇంచుల్లో కొలిచేవాళ్లు.

ఇంకొక మాట. చేరేముందు అందరూ జీతం అడుగుతారు. మీరు బాత్రూం యాడుందని అడగండి. మా షెడ్డులో సమాధానం "రోడ్డు దాటి, హోటల్ వెనక, వాళ్లను అడిగి." కార్లకు పాత బెల్జియం అద్దాలు తెప్పించిన మనిషికి ఆడవాళ్ల కోసం నాలుగు రేకులు నిలబెట్టాలని మూడేళ్ల వరకు తోచలేదు. తోచింది కూడా నాకోసం కాదు. చెన్నై నుంచి ఒక కారు ఓనరు భార్య వచ్చి, అడిగి, ముఖం చిట్లించి పోయింది. మరుసటి వారం రేకులు వచ్చాయి.

ముందు బండిని అడగండి

తిరువళ్ళూరులో రైసుమిల్లు ఉన్న జయరామయ్యగారిది ఇంగ్లండులో చేసిన నల్ల కారు. ఆయన తండ్రి కొన్నది. ఆయన అల్లుడు చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. సెలవులకు వచ్చినప్పుడు ఫోన్లో వీడియో చూసి ఆ కారుకు తనే కొత్త రేడియో బిగించాడు. రేడియో పాట పాడలేదు. పొగ వదిలింది. కారును ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు.

"రెడ్డు ప్లస్సే కదా అక్కా? నేను కరెక్ట్‌గానే కలిపినాను" అన్నాడు అల్లుడు.

"ప్లస్సే తమ్ముడూ. ఈ కారు పుట్టినప్పుడు ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు."

సంగతేమిటంటే, ఇప్పటి బండ్లలో బ్యాటరీ మైనస్ కొసను బండి ఇనుముకు కలుపుతారు. ఈ పాత ఇంగ్లీషు కార్లు కొన్నింటిలో ప్లస్ కొసను కలిపేవాళ్లు. కొత్త రేడియో పెట్టెకేమో మైనస్ తన ఒంటి మీదే ఉంటుంది. ఆ పెట్టెను ఈ ఇనుముకు తగిలించారంటే, పుట్టింటి నుంచి వచ్చిన కోడలికి మొదటి రోజే అన్నీ తలకిందులుగా అప్పగించినట్టే. రెండింట్లో ఒకటి కాలుతుంది.

కాబట్టి ఎర్ర రంగును నమ్మకండి, వీడియోను నమ్మకండి, ఓనరు అల్లుడిని అసలే నమ్మకండి. బానెట్ ఎత్తి, బ్యాటరీలో ఏ కొస ఇనుముకు పోయిందో కళ్లతో చూడండి. తర్వాత మీటరు పెట్టి, కళ్లు చెప్పింది నిజమేనా అని మళ్లీ చూడండి. నేను మూడోసారి కూడా చూస్తాను. ఇంట్లో గ్యాస్ నాబు కూడా అలాగే చూస్తానని మా ఆయన నవ్వుతాడు. మా ఇల్లు ఇంతవరకు కాలలేదు కాబట్టే ఆయనకు నవ్వడానికి తీరిక ఉంది.

ఏదీ మార్చకూడదు, అన్నీ పెట్టాలి

నేను ఏడో నెలలో ఉండగా జయరామయ్యగారు అదే కారుతో మళ్లీ వచ్చారు. ఆయన కోరికలు వింటే, పాతకార్ల ఓనర్లందరూ ఒకే బడిలో చదివారని మీకే అర్థమవుతుంది.

"చూడు మునిరత్నం, ఇది మా నాయన కారు. దీంట్లో ఒక్క మర కూడా మార్చేదానికి లేదు. ఒరిజినల్‌గానే ఉండాల."

"అట్లనే అయ్యా."

"పాట హారన్ ఒకటి పెట్టు."

"పెడతాము."

"ముందర రెండు పొగమంచు లైట్లు. లోపల రంగురంగుల లైట్లు. స్వామి పటం చుట్టూ తిరిగే లైటు. వెనక రెండు ఫ్యాన్లు. పెద్ద స్పీకర్లు. నా ఫోనుకు ఛార్జింగు. మా అల్లుడి ఫోనుకు ఇంకొకటి."

"ఏదీ మార్చకుండానే కదా అయ్యా?" అన్నాను నేను.

"అదే చెప్తా ఉండాను గదమ్మా ఇంతసేపూ."

ఎందుకింత ఆర్భాటమంటే, ఆయన కూతురి బిడ్డకు తిరుత్తణి కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయించి, చెవులు కుట్టించాలి. వచ్చే కృత్తికకు, కొండ మీది స్వామి నక్షత్రం రోజున, ముహూర్తం. ఇంకా ఏడాది నిండని పిల్ల. మేనమామ, అంటే జయరామయ్యగారి కొడుకు, వెనక సీట్లో కూర్చుంటాడు. ఆయన ఒళ్లో పిల్ల. ముందు పాట మోగుతుండగా కారు కొండెక్కాలి. వెంగల్ నుంచి చుట్టాలు వ్యాన్లలో వెనకే వస్తారు. అందరూ చూడాలి.

చేతిలో వారం రోజులున్నాయి. పాట హారనంటే బూర మాత్రమే కాదు, దానికి గాలి కొట్టే మోటారు కూడా ఉంటుంది. హెడ్‌లైట్లు రెండూ కలిపి తాగేదానికంటే అది ఎక్కువ కరెంటు తాగుతుంది. ఫ్యాన్లు, స్పీకర్లు దాని పైన. ఈ కరెంటు లోడంతా, మా మాటలో మోతంతా, ఉన్న వైర్ల కట్టకే తగిలించు, అక్కడక్కడ వైరు మీది గుడ్డ ఒలిచి మెలిపెడితే సరిపోతుందని మామ చెప్పాడు. ఆ కట్ట ఆయన సొంత చేతిపని. మా షెడ్డుకు పేరు తెచ్చిందే ఆ పని.

మామ చేతిపని

నేను చేరకముందు ఎప్పుడో ఈ కారు మొదటిసారి షెడ్డుకు వచ్చినప్పుడు దాని వైర్లు చాలాచోట్ల తెగి ఉన్నాయట. మామ వాటిని మగ్గం ఇంటి పద్ధతిలో అతికాడు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోగానే, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పాత పోగు కొసకు చేర్చి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య మెలిపెడతారు. ముడి ఉండదు. చీర నేసినాక వెతికినా కనబడదు. మామ రాగి తీగెలను సరిగ్గా అలా మెలిపెట్టాడు. సోల్డరు లేదు. టేపు చుడితే నల్లగా కళ్లకు కొడుతుందని, వైరు రంగుకే రంగేసిన నూలు దారం చుట్టి, దారం కదలకుండా పడుగుకు పెట్టినట్టే గంజి పెట్టి ఆరబెట్టాడు.

చూడటానికి ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. ఈ మాటలో ఎగతాళి లేదు. చెన్నైలో పాతకార్ల పోటీ జరిగినప్పుడు పెద్దమనుషులు టార్చి వేసి చూసి, ఫ్యాక్టరీలో వేసిన వైర్లే ఇంకా చెక్కుచెదరలేదని మెచ్చుకున్నారట. ఆ మెప్పును మామ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరూ హెడ్‌లైటు స్విచ్ వేసి చూడలేదన్న సంగతి మాత్రం చెప్పడు.

సీట్లకు కొత్త తొడుగులు కుట్టేది స్టెల్లా అక్క. ఆ వారం ఆమె వెనక సీటు పైకెత్తి నన్ను పిలిచింది.

"ఇట్ల రావే. జయరామయ్య కార్లో ఇంకొక సంసారం కాపురం పెట్టుండాది."

సీటు కింద కొబ్బరిపీచు కుప్పగా చేరి ఉంది. దాని మధ్యలో ఎలుక పెంటికలు. పక్కనే వెళ్లే వైర్ల కట్ట మీద మామ చుట్టిన దారం చేతివెడల్పు మేర లేదు. ఎలుక శుభ్రంగా తినేసింది. మనకు గంజి అంటే బట్టకు బిరుసు. ఎలుకకు అది అన్నం. దారం పోయి రాగి బయటపడింది. బయటపడిన ఆ రాగి సీటు స్ప్రింగుకు చిటికెన వేలంత దూరంలో ఉంది. స్ప్రింగు మీద పీచు. పీచు మీద మేనమామ కూర్చుంటాడు. ఆయన ఒళ్లో పిల్ల.

"ఏందే, మొగం అట్ల పాలిపోయింది?" అంది స్టెల్లా అక్క.

"అక్కా, ఇట్లాంటి అతుకులు ఈ కార్లో ఎన్నుంటాయి?"

"అది మీ మామను అడుగు. ఎలుకనడిగినా చెప్తాది."

కడుపుతో ఉన్నవాళ్ల భయం

మామను అడిగాను. ఆయనకు కోపం రాలేదు, పైగా సంతోషం కలిగింది.

"ఎన్నో నాకే తెలీదు పాపా. కట్టినాక నాకే కనపడలేదు. అదే గదా పనంటే."

"అన్నీ కోసి, సోల్డరు పెట్టి మళ్లీ అతకాల మామా. హారన్‌కు, ఫ్యాన్లకు బ్యాటరీ నుంచి వేరే మందం వైరు లాగుతాను. ఒక్కొక్కదానికి ఫ్యూజు పెడతాను."

"నా పనికి కత్తెర పెడతావా?"

"ఎలుక ముందే పెట్టింది మామా."

"ఒక చోట తినింది. దానికి మళ్లీ దారం చుడతా. ఇన్నేళ్లలో ఒక్క అతుకు విడిందా? లాగి చూడు. ఏనుగును కట్టినా విడదు."

అందులో అబద్ధం లేదు. నేను లాగి చూశాను, విడలేదు. కానీ దారం లాగుడుకు తెగుతుంది, వైరు మోతకు కాలుతుంది. మెలిపెట్టిన చోట ఏళ్ల తరబడి చిలుము పట్టి, కరెంటుకు దారి సన్నబడుతుంది. సన్నని దారిలో ఎక్కువ కరెంటు తోస్తే అక్కడ వేడి పుడుతుంది. ఇన్నాళ్లూ ఆ అతుకులు ఊరికే ఉన్నాయంటే వాటి మీద మోత లేదు కాబట్టి. ఇదంతా మామకు మూడు రకాలుగా చెప్పాను.

"ఫ్యూజు ఎందుకు పెడతారు తెలుసునా?" అన్నాడాయన. "చేసిన పని మీద చేసినోడికే నమ్మకం లేకపోతే పెడతారు."

ఆ కారులో ఉన్న రెండు ఫ్యూజుల మీద సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది, ఎంత కరెంటు పారినా ఫ్యూజు తెగకుండా. తన మీద మామకు నమ్మకం అంత గట్టిది.

తర్వాత ఆయన స్టెల్లా అక్క వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "కడుపుతో ఉండే బిడ్డ గదా, అన్నిటికీ భయమే. మా ఇంటిదీ అట్లనే. ఆ నెలల్లో ఉరిమితే మంచం కిందికి పోయేది."

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆడపిల్ల ఏదైనా ప్రమాదం ఉందని చెబితే, ప్రమాదం ఎక్కడుందని ఎవరూ చూడరు. ఆమె ఎన్నో నెలలో ఉందో చూస్తారు. పెళ్లికాకపోతే చిన్నపిల్ల భయం. పెళ్లయితే కడుపు భయం. కన్నాక చంటితల్లి భయం. మగవాడు అదే మాట చెబితే దానికి పేరు అనుభవం.

నిజం చెప్పాలంటే నాకు భయమే. పుట్టినప్పటి నుంచీ ఉంది. ఈ పనికి అంతకంటే పెద్ద చదువు నేను చూడలేదు. ధైర్యవంతులు కట్టిన వైరింగులు విప్పడంలోనే నా సర్వీసు సగం గడిచింది.

ఆ పూట ఇంటికి వెళ్లినా నాకు ఆ సీటే కనబడింది. కావాలంటే నేను పని మానేసి తప్పుకోవచ్చు. తప్పుకుంటే మామ దారం చుట్టి, కారు అప్పగిస్తాడు. కృత్తిక రోజు కారు కొండెక్కుతుంది. ఎక్కేది ఆయన కాదు, నేను కాదు, ఆ పిల్ల.

చెయ్యి పెట్టి చూడు

మరుసటి రోజు తెల్లవారి, ఎండ ఎక్కకముందే షెడ్డుకు వెళ్లాను. ఎండలో ఏ వైరైనా వెచ్చగానే ఉంటుంది, అప్పుడు చూస్తే ఏదీ తేలదు. హారన్ మోటారు, ఫ్యాన్లు, లైట్లు, స్పీకర్లు అన్నీ తెచ్చి, మామ చెప్పినట్టే పాత కట్టకు తగిలించాను. చేతికందేలా మంట ఆర్పే సిలిండరు పెట్టుకుని, బ్యాటరీ దగ్గర నిలబడ్డాను. మామ వచ్చాడు.

"నీ మాటే వింటాను మామా. నీ పద్ధతిలోనే కడతాను. ఒక్కసారి డ్యాష్‌బోర్డు కింద కట్ట చేత్తో పట్టుకో. నేను అన్నీ ఆన్ చేస్తాను."

"పట్టుకుంటే?"

"పట్టుకుని ఉండు, అంతే."

ఆయన నవ్వుకుంటూ పట్టుకున్నాడు. నేను ఆన్ చేశాను. స్వామి పాట మొదలైంది. షెడ్డు పక్క టీకొట్టు వాళ్లు భక్తిగా ఇటు చూశారు. స్టెల్లా అక్క గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఎట్లుంది మామా?"

"చల్లగా ఉండాది."

కాసేపయ్యాక మళ్లీ అడిగాను.

"వెచ్చన. కోడిగుడ్డు మాదిరి. అంతే."

ఇంకాసేపటికి అడగలేదు. ఆయన ముఖం చూస్తున్నాను. నుదుటి మీద చెమట. మెడ నరం బిగిసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. తన పనిని తానే చేత్తో పట్టుకుని, అది తనను కాలుస్తుంటే, కాలడం లేదని నిలబడే మనిషిని మీరు చూసి ఉండరు. ఇంతలో అన్నం అడుగంటిన వాసన వచ్చింది. అచ్చంగా అదే వాసన. గంజి మాడుతోంది.

"చెయ్యి తియ్యన్నా, కాలిపోతాది" అని స్టెల్లా అక్క అరిచింది.

నేను బ్యాటరీ వైరు పీకేశాను. పాట ఆగింది. మామ చెయ్యి తీసి చూసుకున్నాడు. అరచేతిలో అడ్డంగా ఎర్రటి గీత. దాన్ని రెండో చేత్తో తుడిచాడు, పోలేదు. నేను నోరెత్తలేదు. గెలిచినప్పుడు మాట్లాడకపోవడం కూడా ఈ పనిలో ఒక భాగమే. మాట్లాడితే ఎదుటివాడు మళ్లీ మొదటి నుంచి వాదిస్తాడు.

చివరికి ఆయనే అన్నాడు. "కోసెయ్."

"ఎక్కడెక్కడున్నాయో నాకు తెలీదు మామా. కనపడవు గదా."

ఆయన కారులోకి ఎక్కి, కళ్లు మూసుకున్నాడు. కట్ట మీద వేళ్లు పెట్టి, పడుగు మీద చెయ్యి నడిపినట్టు నడిపాడు. ఒకచోట ఆగాడు. "ఇదొకటి." గుర్తు పెట్టడానికి చాకుపీసు దొరకలేదు. స్టెల్లా అక్క వెళ్లి, ఆయన రోజూ పూజ చేసే పటం ముందున్న కుంకుమ భరిణె తెచ్చింది. శిలువ మెడలో వేసుకున్న మనిషి భరిణె పట్టుకుని వెంట నడుస్తుంటే, మామ ప్రతి అతుకు మీదా బొట్టు పెట్టుకుంటూ పోయాడు. డ్యాష్‌బోర్డు నుంచి వెనక దీపాల వరకు బొట్లే బొట్లు. నేను ఊహించిన దానికి రెండింతలున్నాయి.

ముగ్గురమూ మూడు రోజులు అదే పని. నేను కోసి, సోల్డరు పెట్టి, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడిగాను. దాని పైన మామ మళ్లీ తన దారం చుట్టాడు. ఈసారి గంజి లేదు, వార్నీషు. అడగకుండానే చుట్టాడు, నేను వద్దనలేదు. హారన్‌కు బ్యాటరీ నుంచి వేరే వైరు లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టాను. ఆ ఫ్యూజు వైపు మామ ఒకసారి చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు.

మధ్యలో జయరామయ్యగారు వచ్చి కారులోకి తొంగిచూశారు. ఇంకా కోయని వైర్ల మీద కుంకుమ బొట్లు కనిపించాయి.

"వైరు వైరుకూ పూజ చేసినారా మునిరత్నం?"

"చేసినాము అయ్యా" అన్నాడు మామ, కట్టు కట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకుని.

"ఈ కాలంలో ఇంత భక్తిగా పని చేసేవాళ్లు యాడుండారు" అని ఆయన కళ్లొత్తుకున్నారు.

ఆరేళ్లలో ఒక కస్టమరు నా వైరింగు చూసి కంట నీరు పెట్టింది అదొక్కసారే.

కృత్తిక రోజు

కారు ఇచ్చేసిన తర్వాత పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. మన పని అప్పుడే మొదలవుతుంది. ఏ మర బిగించానో, ఏది మరిచానో మనసులో మొదటి నుంచి చివరి వరకు మళ్లీ కట్టుకుంటూ కూర్చోవాలి.

ఆ రోజు పొద్దున షెడ్డులో ఎవరికీ పని సాగలేదు. జనం కావిళ్లతో తిరుత్తణి వైపు నడిచిపోతున్నారు. తొమ్మిదింటికి జయరామయ్యగారి కారు మా ముందు నుంచే వెళ్లింది. పాట మోగుతోంది. వెనక సీట్లో పిల్ల కనబడింది, తలనిండా జుట్టు, పట్టుగౌను. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. అది ఊదినంతసేపు ఊదే సామాను కాదు. మోటారు కాసేపు ఆగాలి, లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. ఆ మాట నేను డ్రైవరుకు రెండుసార్లు చెప్పాను. స్వామి పాటను మధ్యలో ఆపడం పాపమని అతను నాకు తిరిగి చెప్పాడు.

"కాస్తన్నా తినవే" అని స్టెల్లా అక్క ఇడ్లీ డబ్బా నా ముందు పెట్టింది. నేను దాని మూత కూడా తీయలేదు. మామ ఒకే స్పానరును పదిసార్లు తుడిచాడు.

మధ్యాహ్నం దాటాక నా ఫోను మోగింది. జయరామయ్యగారు. స్పీకరు ఆన్ చేశాను. హలో అనేలోపే మొదలుపెట్టారు.

"ఏం పని చేసినారమ్మా మీరు? సగం కొండ ఎక్కినామో లేదో, పాట నిలిచిపోయింది. వెంగల్ వాళ్లందరూ చూస్తా ఉండారు. మూగబండి మాదిరి ఎక్కినాము. నా మానం పోయింది."

"హారన్ ఒక్కటేనా అయ్యా? లైట్లు వెలుగుతున్నాయా?"

"వెలుగుతా ఉండాయి. పట్టపగలు లైట్లు ఎవురికి కావాలమ్మా?"

"ఏమైనా మాడిన వాసన వచ్చిందా?"

"ఏం వాసన? నేను మానం పోయిందంటా ఉంటే వాసనంటావేంది?"

మోటారు పట్టేసింది. ఫ్యూజు పోయింది. వేడంతా అక్కడే ఆగిపోయింది. పాత కట్టకే తగిలించి ఉంటే ఆ వేడి ఎక్కడికి వెళ్లేదో నాకు తెలుసు. మామ వైపు చూశాను. ఆయనకూ తెలుసు.

ఫోన్లో జయరామయ్యగారి గొంతు వెనక ఇంకొక గొంతు వినిపిస్తోంది. గుక్కపట్టి, కొండంతా వినిపించేలా ఏడుపు.

"ఎవరయ్యా ఆ ఏడ్చేది? పాపేనా?"

"గుండు కొట్టి, రెండు చెవులూ కుట్టినాక ఏడవకుండా నవ్వుతాదా? ఇంక అది అట్లా ఏడస్తానే ఉండాది, ఆపేదానికి కావడం లేదు. హారన్ ఉంటే ఊరుకునుండేది."

మామ ఫోను దగ్గరికి వంగాడు. "ఏడవనీ అయ్యా" అన్నాడు. "బాగా ఏడవనీ."

అవతల ఫోను పెట్టేశారు. జయరామయ్యగారు ఆ తర్వాత కారును వేరే షెడ్డుకు ఇచ్చారని, అక్కడ ఫ్యూజు లేకుండా హారన్ కట్టమంటే వాళ్లు కూడా కుదరదన్నారని విన్నాను.

స్టెల్లా అక్క డబ్బా మూత తీసింది. ఇడ్లీలు ఆరిపోయి రాళ్లలా ఉన్నాయి. నేను నాలుగు తిని, ఆమె వంతువి రెండు కూడా తిన్నాను.